నారుమడి వంటిదే పసిపిల్లల బడి



మృగశిర కార్తె ప్రవేశించి నాలుగు చినుకులు పడగానే మన చూపంతా నారుమడి మీదనే వుంటుంది. ఎకరా పొలం నాటడానికి అయిదు సెంట్ల నారుమడి చాలును. అయినా ఆ అయిదు సెంట్ల మీద పెట్టే శ్రద్ధ తరువాత ఎకరా మొత్తం మీద కూడా పెట్టము. మెత్తగా దమ్ము చేస్తాము, చదును చేస్తాము, మొలక కట్టిన విత్తనం చల్లుతాము, నీరు ఎక్కువ కాకుండా తక్కువ కాకుండా కాపలా కాస్తాము. ఎందుకని? నారు పాలిపోయి బక్కగా వస్తే, తరువాత ఎన్ని బస్తాల ఎరువు వేసినా ఆ లోటు పూర్తిగా తీరదని మన అనుభవం.

ఇంగ్లీషువారు నారుమడిని నర్సరీ అంటారు. పసిపిల్లలను పగటిపూట వుంచి పెంచే చోటును కూడా వారు నర్సరీ అనే అంటారు. ఒకే మాట రెంటికీ ఎందుకు సరిపోయిందో రైతుకు ఎవరూ విప్పి చెప్పనక్కరలేదు. ఇవాళ మనం చెప్పుకోబోయేది ఈ రెండో నారుమడి సంగతి. నాట్ల రోజులలో, కలుపు రోజులలో, పత్తి తీసే రోజులలో తల్లి పొలంలో వుంటే పసివాడు ఎక్కడ వుండాలి? ఆ పూట వాడికి ఏం పెట్టాలి, ఏం నేర్పాలి? ఊరు పూనుకుంటే దీనికి ఏర్పాటు ఎలా చేసుకోవచ్చును? ఈ మూడు ప్రశ్నలకు జవాబు చూద్దాము.

ఇప్పుడు పసివాడు ఎక్కడ వుంటున్నాడు?

మన ఊళ్ళలో చూస్తే నాలుగు విధాలు కనబడతాయి.

మొదటిది, తల్లి బిడ్డను పొలానికి తీసుకుపోవడం. గట్టు మీద చెట్టుకొమ్మకు చీర ఉయ్యాల కట్టి పడుకోబెడుతుంది. చంటిపాపకు పాలివ్వడానికి దగ్గరగా వుంటుంది, అది మేలే. కాని ఎండ, వాన, చీమలు, పాములు, కాలవ గట్టు, పక్క చేలో మందు కొట్టే వాసన, ఇవన్నీ కూడా దగ్గరగానే వుంటాయి. బిడ్డ ఏడిస్తే తల్లి వరసలో నుంచి లేవలేదు. మేస్త్రీ ఏమంటాడో అని భయం. లేచి పోతే తోటి వారి మీద పని పడుతుందని మొగమాటం.

రెండోది, పెద్దపిల్లను బడి మాన్పించి చంటివాడిని అప్పగించడం. ఎనిమిదేళ్ళ పిల్ల ఏడాది బిడ్డను చంకనెత్తుకుని తిరుగుతుంది. దానికి చదువు పోతుంది, వాడికి సరైన సంరక్షణ వుండదు. ఒక్క దెబ్బకు ఇద్దరు పిల్లలు నష్టపోతారు.

మూడోది, అవ్వ దగ్గర వదలడం. ఓపిక వున్న నాయనమ్మో అమ్మమ్మో వుంటే అంతకు మించినది లేదు. కాని చూపు మందగించి, మోకాళ్ళు పట్టేసిన ముసలమ్మ, పరుగెత్తే రెండేళ్ళవాడి వెనుక ఎంతసేపు తిరగగలదు?

నాలుగోది, నిద్రపోతున్న బిడ్డను ఇంట్లో పెట్టి, తలుపు దగ్గరగా వేసి, పక్కింటివారికి 'కాస్త చూస్తూ వుండమ్మా' అని చెప్పి పోవడం. పక్కింటావిడకు ఆమె పనులు ఆమెకున్నాయి. అందరూ చూస్తున్నారంటే, ఎవరూ చూడడం లేదన్నమాటే.

ఇది భయపెట్టడానికి చెప్పే మాట కాదు. నడక వచ్చి బుద్ధి రాని వయస్సు, అనగా ఏడాది నుంచి నాలుగేళ్ళ వరకు, ప్రమాదాలకు నిలయం. ఈ వయస్సు పిల్లవాడు మునగడానికి చెరువే అక్కరలేదు. పశువుల కుడితి తొట్టి చాలును, సగం నిండిన బకెట్టు చాలును. అరవడు, చప్పుడు చేయడు. రెండు నిమిషాలలో అంతా అయిపోతుంది.

మనవంటి వరి పొలాలు, మనవంటి చెరువులు కలిగిన బంగ్లాదేశ్‌లో ఈ సంగతి కనిపెట్టి ఒక మంచి పని చేశారు. పిల్లలు నీళ్ళలో పడేది ఎక్కువగా పొద్దున తొమ్మిది నుంచి మధ్యాహ్నం ఒంటిగంట లోపల, అనగా తల్లులు పనిలో మునిగి వుండే వేళ అని తేలింది. అందుచేత ఊళ్ళలో ఆ వేళకు పిల్లల కేంద్రాలు తెరిచారు. వాటికి ఆంచల్ అని పేరు. ఆంచల్ అంటే చీరకొంగు. ఇలాంటి కేంద్రానికి వచ్చే పిల్లలలో నీట మునిగి చనిపోవడం 80 శాతానికి పైగా తగ్గినట్టు 2012లో ప్రచురించిన పరిశీలన చెప్పింది. పసిపిల్లలకు ఇలాంటి పగటి సంరక్షణ కల్పించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా తరువాత అన్ని దేశాలకూ సలహా ఇచ్చింది. ఖరీదైన యంత్రం ఏదీ లేదు చూశారా? ఒక నీడపట్టు, ఒక నమ్మకమైన మనిషి, ఒక దడి. అంతే.

ఇది మనకు కొత్త కాదు

పిల్లల బడి అంటే పట్నంవారి వేడుక అని కొందరు అనుకుంటారు. అది నిజం కాదు. మరియా మాంటిసోరీ అనే ఇటలీ వైద్యురాలు 1907లో రోము నగరంలో తన మొదటి బాలగృహాన్ని తెరిచింది కూలివారి పేటలోనే. ఆమె 1939లో మన దేశం వచ్చి మద్రాసు దగ్గర అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది. గుజరాతులో గిజుభాయి బధేకా 1920లో భావనగరులో బాలమందిరం స్థాపించారు. ఆయనతో కలిసి పనిచేసిన తారాబాయి మోడక్ 1945లో మహారాష్ట్రలోని బోర్డీ గ్రామంలో పల్లె పిల్లల కోసం కేంద్రం పెట్టారు. పిల్లలు బడికి రాకపోతే బడినే వారి వాకిట్లోకి తీసుకుపోయారు. అంగన్ అంటే వాకిలి. అంగన్‌వాడీ అనే మాట అలా పుట్టింది. ఆమెకు తోడుగా నిలిచిన అనుతాయి వాఘ్ తరువాత కోస్బాడ్ కొండలలో ఆదివాసీ పిల్లల మధ్య ఆ పని కొనసాగించారు.

మన తెలుగువారి పాత్ర కూడా ఇందులో వున్నది. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడినప్పుడు దానికి మొదటి అధ్యక్షురాలు రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్. ఆ బోర్డు చేపట్టిన గ్రామ సంక్షేమ పథకాలలో బాలవాడీలు ముఖ్యమైనవి. తరువాత 1975 అక్టోబరు 2న దేశంలో 33 బ్లాకులలో సమగ్ర శిశు అభివృద్ధి పథకం మొదలైంది. ఈనాటి అంగన్‌వాడీలకు అదే మూలం.

చట్టాలలోనూ ఈ ఆలోచన వున్నది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం, 1951 నాటి తోటల కార్మికుల చట్టం, స్త్రీలు ఎక్కువమంది పనిచేసే చోట పిల్లల గది పెట్టాలని శాసించాయి. 2005లో వచ్చిన గ్రామీణ ఉపాధి హామీ చట్టం, పని చోటికి ఆరేళ్ళ లోపు పిల్లలు అయిదుగురు గాని అంతకు మించి గాని వస్తే, వారిని చూడడానికి ఒక స్త్రీని నియమించి ఆమెకూ కూలి ఇవ్వాలని రాసింది. ఫ్యాక్టరీలో యంత్రం దగ్గర నిలబడే తల్లికి, తేయాకు తోటలో ఆకు కోసే తల్లికి, చెరువు పూడిక తీసే తల్లికి తోచిన ఈ న్యాయం, మన మళ్ళలో నడుం వంచి నాటే తల్లికి మాత్రం ఎందుకు తోచరాదు? ఇది ఆలోచించవలసిన మాట.

'ఊళ్ళో అంగన్‌వాడీ వున్నది గదా' అనవచ్చు. వున్నది, దాన్ని తప్పక వాడుకోవాలి. కాని అక్కడ కూర్చోబెట్టి ఆటపాటలు నేర్పేది మూడేళ్ళు దాటిన పిల్లలకు. మూడేళ్ళ లోపు పిల్లలకు బాలామృతం వంటి ఆహారం ఇంటికి ఇస్తారు; టీకాలు, తూకం చూస్తారు. రోజంతా చంటిబిడ్డను వుంచుకునే ఏర్పాటు అన్ని చోట్లా లేదు. దీనికోసమే 2022లో పాల్నా అనే పథకం కింద అంగన్‌వాడీలతో కలిపి శిశు సంరక్షణ కేంద్రాలు నడపాలని కేంద్ర ప్రభుత్వం తలపెట్టింది. పాల్నా అంటే ఉయ్యాల. మీ ఊరికి అది వచ్చే అవకాశం వున్నదేమో మీ అంగన్‌వాడీ పర్యవేక్షకురాలిని అడగండి. వచ్చేదాకా ఊరికే కూర్చోనక్కరలేదు. కనీసం నాట్ల నెలరోజులకైనా ఊరివారే నడుపుకోవచ్చును.

చోటు, మనుషులు

పొలాలకు దగ్గరగా వుండే చోటు చూడండి. చంటిబిడ్డ తల్లి పూటకు రెండుసార్లు వచ్చి పాలిచ్చి పోగలగాలి. బడి వరండా, సంఘం భవనం, ఖాళీగా వున్న పెంకుటిల్లు, ఏదైనా సరే. గాలి, వెలుతురు వుండాలి. గుమ్మానికి పిల్లవాడి గుండెల ఎత్తున అడ్డు తలుపు బిగించాలి. చుట్టూ దడి కట్టాలి. బావి, తొట్టి, పొయ్యి, కరెంటు తీగ, ఎరువుల బస్తా, పురుగుమందు డబ్బా, ఇవేవీ దడి లోపల వుండరాదు. ఖాళీ అయిన మందు డబ్బాను కడిగి నీళ్ళకు గాని, ఆటకు గాని వాడనే కూడదు. మందు కొట్టి వచ్చినవారు స్నానం చేసి, బట్టలు మార్చుకున్న తరువాతనే బిడ్డను ఎత్తుకోవాలి. ఆ బట్టలను పిల్లల గుడ్డలతో కలిపి ఉతకరాదు.

ఇక మనుషులు. ఏడాది నిండని పిల్లలు ముగ్గురికి ఒక మనిషి కావాలి. ఏడాది నుంచి మూడేళ్ళ వరకు ఏడెనిమిది మందికి ఒకరు చాలును. వంటకు, శుభ్రానికి వేరే మనిషి వుండాలి. వండేవారే చూసుకుంటారు అనుకుంటే, పొయ్యి మీద అన్నం మాడకుండా చూసే వేళకు పిల్లవాడు గుమ్మం దాటుతాడు. పిల్లలంటే ప్రేమ, ఓపిక, శుభ్రత వున్న స్త్రీని ఎంచుకోండి. దగ్గు ఎక్కువ రోజులుగా వున్నవారు ముందు పరీక్ష చేయించుకోవాలి. తండాలో లంబాడీ మాట్లాడే పిల్లలకు లంబాడీ వచ్చిన మనిషి, కోయగూడెంలో కోయ మాట వచ్చిన మనిషి వుండాలి. పసివాడు ముందుగా నమ్మేది తన ఇంటి మాటనే.

ఒక నోటు పుస్తకం పెట్టండి. బిడ్డ పేరు, వయస్సు, తల్లి ఫోను నంబరు, ఆ పూట ఏ పొలంలో వుంటుందో, సాయంత్రం ఎవరు తీసుకుపోతారో రాయండి. రాసివున్న మనిషికి తప్ప వేరెవరికీ బిడ్డను ఇవ్వరాదు.

పొద్దు పొడిచినప్పటి నుంచి పొద్దు గుంకేవరకు

కేంద్రంలో ఒక రోజు ఎలా గడవాలో ఇప్పుడు చెప్పుకుందాము.

పొద్దున్నే పిల్లలు వస్తారు. వచ్చిన ప్రతి బిడ్డనూ పేరుపెట్టి పిలిచి చేతుల్లోకి తీసుకోవాలి. ఒళ్ళు తాకి చూడాలి. జ్వరమా, విరేచనాలా, ఒంటిమీద పొక్కులా? వుంటే ఆ పూట బిడ్డను తల్లి దగ్గరే వుండనిచ్చి, ఆశా కార్యకర్తకు కబురు చేయాలి. రాత్రి బాగా నిద్రపోయాడా, ఏం తిన్నాడు అని తల్లిని అడగాలి. చేతులు సబ్బుతో కడగాలి.

మొదటి వారం ఏడుపులు తప్పవు. ఎనిమిది తొమ్మిది నెలలు వచ్చేసరికి బిడ్డకు తనవారెవరో, పరాయివారెవరో తెలుస్తుంది. అందుకే ఏడుస్తాడు. అది తెలివికి గుర్తు, మొండితనం కాదు. నాట్లు మొదలుకాక ముందే రెండు మూడు రోజులు తల్లి వచ్చి ఒక గంట బిడ్డతో కూర్చోవాలి. తరువాత కాసేపు వదిలి రావాలి. బిడ్డ చూడకుండా తప్పించుకుపోవడం మంచిది కాదు. 'పొలానికి పోయి వస్తానయ్యా, అన్నం వేళకు వస్తా' అని చెప్పి పోవాలి, చెప్పినట్టు రావాలి. మాట అర్థం కాకపోయినా, పోయిన అమ్మ తిరిగి వస్తుందనే నమ్మకం నాలుగు రోజులలో కుదురుతుంది. అమ్మ పాత చీరముక్క ఒకటి దగ్గర పెడితే ఆ వాసనకు ఊరడిల్లుతాడు. ఏడుపు మాన్పడానికి నల్లమందు గాని, దగ్గుమందు గాని, నిద్రమందు గాని వేయడం ప్రాణాంతకం. అటువంటి పని ఎక్కడ జరిగినా వెంటనే ఆపాలి.

తరువాత ఆట. చంటివారిని బోర్లా వేసి ఎదురుగా కూర్చుని పలకరించాలి. పాకేవారికి చాప మీద చోటివ్వాలి. నడిచేవారిని నీడలో బయట తిప్పాలి. తొమ్మిది పది గంటల వేళకు చిన్న తిండి. ఆ తరువాత పాట, కథ, చేతి ఆటలు. మధ్యాహ్నానికి ముందు ఒళ్ళు తుడిచి, అన్నం పెట్టి, నిద్రపుచ్చాలి. నాలుగు నెలల నుంచి ఏడాది లోపు బిడ్డకు పగలూ రాత్రీ కలిపి 12 నుంచి 16 గంటల నిద్ర కావాలి. ఏడాది నుంచి రెండేళ్ళ బిడ్డకు 11 నుంచి 14 గంటలు. చంటిబిడ్డను గట్టి పరుపు మీదో, మడత పెట్టిన బొంత మీదో వెల్లకిలా పడుకోబెట్టాలి. మొగం మీద గుడ్డ కప్పరాదు. చీర ఉయ్యాలలో వేస్తే పక్కన మనిషి కదలరాదు. లేచి తల బయటికి పెడితే చీర మెడకు చుట్టుకునే ప్రమాదం వున్నది.

నిద్ర లేచాక మళ్ళీ తిండి, మళ్ళీ ఆట. గుడ్డ తడిసినప్పుడల్లా మార్చాలి, మార్చిన ప్రతిసారీ చేతులు కడుక్కోవాలి. రెండేళ్ళు వచ్చిన పిల్లలను తిన్న తరువాత చిన్న కుండీ మీద కూర్చోబెట్టి అలవాటు చేయవచ్చు. చేయకపోతే తిట్టరాదు, కొట్టరాదు. సాయంత్రం తల్లి రాగానే, ఇవాళ బిడ్డ ఏం తిన్నాడు, ఏం కొత్తగా చేశాడు అని రెండు మాటలు చెప్పాలి. పొద్దంతా బురదలో నిలబడి వచ్చిన తల్లికి ఆ రెండు మాటలే కొండంత ధైర్యం.

అక్షరాలు కావు, అయినా చదువే

'అంత పసివాడికి చదువేమిటి?' అని రైతులు అడుగుతారు. పలకా బలపం మాట కాదు. పుట్టిన రెండేళ్ళకే మెదడు పెద్దవారి మెదడు పరిమాణంలో అయిదింట నాలుగు వంతులకు చేరుతుంది. ఆ కాలంలో బిడ్డ చూసేది, వినేది, తాకేది, అంతా చదువే. 2024లో కేంద్ర ప్రభుత్వం మూడేళ్ళ లోపు పిల్లల కోసం నవచేతన అనే పేరుతో నెలవారీ ఆటల క్రమం తయారుచేయించింది కూడా ఇందుకే. అందులోని సారం మన ఇళ్ళలో అవ్వలకు తెలిసినదే.

ఆరు నెలల లోపు: బిడ్డ 'ఊ' అంటే మనమూ 'ఊ' అనాలి. వాడు ఆగితే మనం పలకాలి, మనం ఆగితే వాడు పలుకుతాడు. సంభాషణ అంటే ఇదే. మాట్లాడేవారు లేని బిడ్డకు మాట ఆలస్యమవుతుంది.

ఆరు నెలల నుంచి ఏడాది వరకు: గరిటె కింద పడేస్తాడు. మనం తీసి ఇస్తే మళ్ళీ పడేస్తాడు. విసుక్కోకండి. వదిలితే పడుతుంది, పడితే చప్పుడవుతుంది అని పరీక్ష చేస్తున్నాడు. బంతిని గుడ్డ కింద దాచండి. తీసి చూశాడంటే, కనబడని వస్తువు కూడా వుంటుందని తెలుసుకున్నాడన్నమాట. కొంగు చాటు దాగుడుమూతలు అదే పాఠం.

ఏడాది నుంచి రెండేళ్ళు: నింపడం, వొంపడం వీరి పని. కొబ్బరి చిప్ప, ముంత, చిన్న చేట, ఇసుక ఇవ్వండి. కొలత, బరువు అప్పుడే మొదలు. ప్రతి పనికీ మాట జతచేయండి. 'ఇదిగో నీళ్ళు, చల్లగా వున్నాయి', 'కాలు కడుగుదాము, ఈ కాలు, ఆ కాలు'. ఏడాదికి ఒకటి రెండు మాటలు, రెండేళ్ళకు రెండేసి మాటలు కలిపి చెప్పడం రావాలి.

రెండేళ్ళ నుంచి మూడేళ్ళు: గుజ్జనగూళ్ళు వండుతారు, బొమ్మకు జోలపాడతారు, కర్రను ఎద్దు చేసి అదిలిస్తారు. లేనిదాన్ని వున్నట్టు ఊహించే శక్తి ఇది. ఎర్ర బంతిపూలు ఒకవైపు, పసుపు బంతిపూలు ఒకవైపు పెట్టించండి. పెద్దాకు, చిన్నాకు ఏరించండి. తమ చెంబు తాము మోయనివ్వండి.

బొమ్మలకు పెద్ద ఖర్చు అక్కరలేదు. తాటాకు గిలక, గుడ్డ బంతి, ఏటికొప్పాక వంటి నున్నని కొయ్యబొమ్మ, మూడు చక్రాల నడక బండి చాలును. ఒక్క నియమం మరువరాదు. నిమ్మకాయ కన్నా చిన్న వస్తువు మూడేళ్ళ లోపు పిల్లలకు అందరాదు. చింతగింజ, వేరుశనగ గింజ, రేగుపండు గింజ గొంతులో అడ్డం పడితే ఊపిరి ఆగుతుంది. ఇక సెల్‌ఫోను. ఏడుపు మాన్పడానికి ఫోను చేతికివ్వడం సులభం. కాని రెండేళ్ళ లోపు బిడ్డకు తెర చూపడం తగదని వైద్యుల మాట. ఫోను పాడుతుంది గాని, బిడ్డ 'ఊ' అంటే 'ఊ' అనదు.

తిండి, జబ్బు

ఆరు నెలలు నిండేవరకు తల్లిపాలే ఆహారం, నీళ్ళు కూడా అక్కరలేదు. అందుకే చంటిబిడ్డ తల్లికి పనిలో పాల విరామం ఇవ్వాలి. తల్లి రాలేకపోతే శుభ్రమైన గిన్నెలో పాలు పిండి మూతపెట్టి వుంచవచ్చు. నాలుగు గంటలకు మించి నిలవ వుంచరాదు; ఎండ తీవ్రంగా వుంటే ఇంకా ముందే వాడాలి. ఉగ్గుగిన్నెతో గాని, చెంచాతో గాని పట్టాలి. పాలసీసా వద్దు, దాన్ని శుభ్రంగా వుంచడం కష్టం.

ఆరు నెలలు నిండగానే రెండు మూడు చెంచాలతో మొదలుపెట్టి మెత్తని ఆహారం పెట్టాలి. ఎనిమిది నెలల వరకు రోజుకు రెండు మూడుసార్లు, ఆ తరువాత మూడు నాలుగుసార్లు. పాలు మాత్రం రెండేళ్ళు, ఆపైన కూడా ఇవ్వవచ్చు. నీళ్ళలా జారిపోయే జావ కాకుండా చెంచాకు నిలిచేంత చిక్కగా వుండాలి. రాగి జావ, పెసరపప్పు వేసి మెత్తగా ఉడికించిన అన్నం, మెదిపిన ఆకుకూర, మునగాకు, చిలగడదుంప, అరటిపండు, బొప్పాయి, ఉడికించిన గుడ్డు, ఒక చెంచా నెయ్యి గాని నూనె గాని. వేరుశనగను గింజగా కాక మెత్తని పొడిగా వేయాలి. ఏడాది లోపు తేనె నాకించరాదు. ఏ పిల్లవాడి గిన్నె వాడికే. బలవంతంగా నోట్లో కుక్కకుండా, మాటలు చెబుతూ తినిపించాలి.

నెలకోసారి తూకం వేయించి కార్డు మీద గుర్తు పెట్టించాలి. పుట్టినప్పటి బరువు అయిదారు నెలలకు రెట్టింపు, ఏడాదికి మూడు రెట్లు కావాలి. అంగన్‌వాడీలో జబ్బ కొలిచే పట్టీ వుంటుంది. ఆరు నెలలు దాటిన బిడ్డ జబ్బ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్లకు తక్కువ వస్తే ఆలస్యం చేయక ఆసుపత్రికి చేర్చాలి. 12.5కు తక్కువ వుంటే ప్రత్యేకంగా తిండి పెట్టి కనిపెట్టి వుండాలి. టీకాల కార్డు చూడనిదే బిడ్డను చేర్చుకోరాదు అని చెప్పను. కాని చేర్చుకున్న నాడే కార్డు చూసి, తప్పినవి వేయించాలి. పదిమంది పిల్లలు కలిసే చోట తట్టు వ్యాపిస్తే కష్టం. దాని టీకా 9 నుంచి 12 నెలల మధ్య ఒకసారి, 16 నుంచి 24 నెలల మధ్య మరోసారి వేయించాలి.

విరేచనాలు పట్టుకుంటే ఓ.ఆర్.ఎస్. పొట్లం ఒకటి లీటరు నీళ్ళలో కలిపి కొద్దికొద్దిగా తాగించాలి. తల్లిపాలు, తిండి ఆపరాదు. జింకు మాత్రలు 14 రోజులు వాడాలి. కళ్ళు లోపలికి పోయినా, మగతగా వున్నా, మలంలో రక్తం పడినా, ఊపిరి ఎగపోసుకున్నా 108కి ఫోను చేయాలి.

ఖర్చు ఎంత?

లెక్క వేద్దాము. ఒక ఊళ్ళో 200 ఎకరాల నాటు వున్నదనుకోండి. ఎకరాకు పదిమంది చొప్పున 2,000 కూలి దినాలు. 25 రోజులలో ముగించాలంటే రోజుకు 80 మంది స్త్రీలు కావాలి. వారిలో పసిపిల్లలు కలవారికి ఏడాది లోపు ముగ్గురు, ఆపై ఎనిమిది మంది, మొత్తం 11 మంది పిల్లలు వున్నారనుకుందాము. వారిని చూడడానికి ఇద్దరు, వంటకు ఒకరు. ముగ్గురికి 25 రోజులకు 75 కూళ్ళు. ఆ 75 కూళ్ళను 200 ఎకరాలకు పంచితే ఎకరాకు అరకూలి కూడా పడదు. బియ్యం, పప్పు, గుడ్లు ఇళ్ళ నుంచి తలా కొంత వస్తాయి. డ్వాక్రా సంఘం అక్కచెల్లెళ్ళు బాధ్యత తీసుకుంటే నిర్వహణ తేలిక. ఎకరాకు ఇంత అని గుత్తకు మాట్లాడుకునేటప్పుడే ఈ సంగతి కూడా మాట్లాడుకోవాలి. ఆ ఖర్చు కూలి తల్లి చేతికి వచ్చే సొమ్ములో కోయరాదు. అది పొలం ఖర్చు, నారు ఖర్చు వంటిదే.

ప్రతిఫలం ఏమిటంటారా? మనసు బిడ్డ మీద లేకుండా తల్లి నిబ్బరంగా నాటుతుంది. అదునులో నాటు ముగుస్తుంది. పెద్దపిల్ల బడికి పోతుంది. వీటన్నిటికీ మించి, సాయంత్రం బిడ్డ క్షేమంగా ఇంటికి చేరుతాడు. దానికి వెల కట్టగలవారెవరు?

విస్తరణ కార్యకర్తలకు ఒక మనవి. నారుమళ్ళ గురించి చెప్పడానికి మీరు ఊరికి వెళ్ళినప్పుడే ఈ మాట కూడా కదపండి. నారు పోసిన నాటి నుంచి నాటు వేసే నాటికి 25, 30 రోజుల వ్యవధి వుంటుంది గదా. మొదటి వారం ఊరివారిని కూర్చోబెట్టి చోటు చూడండి. రెండో వారం మనుషులను ఎంచి, అంగన్‌వాడీ కార్యకర్త చేత, ఆశా కార్యకర్త చేత నాలుగు మాటలు చెప్పించండి. మూడో వారం దడి కట్టించి, గుమ్మానికి అడ్డు తలుపు బిగించండి. నాలుగో వారం తల్లులను బిడ్డలతో రమ్మని అలవాటు చేయండి. నారు నాటుకు వచ్చే వేళకు పిల్లల కేంద్రం కూడా సిద్ధమవుతుంది.

ఈ ఏడు నారుమడి గట్టు వేసేటప్పుడు, పసివారి కోసం కూడా ఒక గట్టు వేయండి. సెలవు.